ఎమ్మార్వో ఆఫీసు దగ్గర పేతురు



ఈ వారం పాపం గురించి రాస్తున్నాను. కొందరు మిత్రులకు ఇక్కడే విసుగు వస్తుందని తెలుసు. "దేవుడూ పాపమూ మనకెందుకన్నా, డీకేటీ పట్టాల గురించి రాయి" అంటారు. అవీ రాస్తాను. కానీ మన వాడల్లో చాలా ఇళ్లకు ఆదివారం అంటే చర్చే. వారమంతా ఊరివాళ్లు తిట్టే తిట్లు విని, ఆదివారం పొద్దున తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని మన అమ్మలు ఎక్కడికి పోతారో అక్కడ వాళ్లకు ఏం చెప్తున్నారన్నది మనం పట్టించుకోకపోతే ఇంకెవరు పట్టించుకుంటారు?

మా వాడ చర్చిలో ప్రసంగం వింటూ పెరిగినవాణ్ణి నేను. రేకుల కప్పు, ఒక హార్మోనియం, తర్వాత్తర్వాత ఒక కీబోర్డు. పాపాల జాబితా నాకు ఎక్కాల మాదిరి నోటికొచ్చు. తాగుడు, బీడీ, సినిమా, పేకాట, అబద్ధం, అప్పు తీర్చకపోవడం, దశమభాగం ఇవ్వకపోవడం. మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసొచ్చి ప్రసంగంలో కునుకు తీసే ఆడవాళ్లకు ఇంకొకటి అదనం: నిద్ర. ఈ జాబితాలో ఉండేవన్నీ కూలోళ్లు చేయగలిగిన పాపాలే. కూలి ఎగ్గొట్టడం, టీ కొట్టులో వేరే గ్లాసు పెట్టడం, వాడ శ్మశానానికి దారి మూసెయ్యడం ఆ జాబితాలో విన్నట్టు నాకు గుర్తులేదు. ఎందుకంటే ఆ పాపాలు చేసేవాళ్లు మా చర్చికి రారు. రానివాళ్ల పాపాలు పాస్టరుగారు ఎవరికి చెప్తారు?

అంబేద్కర్ దీన్ని ఎప్పుడో పట్టుకున్నారు. క్రైస్తవంలోకి మారిన అంటరానివాళ్ల గురించి ఆయన రాసిపెట్టిన వ్యాసాలు ఆయన పోయాక, రచనల 5వ సంపుటంలో వచ్చాయి. విద్యార్థులు తప్పకుండా చదవాలి. ఆయన చెప్పేదాని సారం ఇది: మతం మారకముందు నీ పతనానికి కారణం నువ్వు పోయిన జన్మలో చేసిన పాపం అని చెప్తారు, మారాక నీ ఆదిపితరుడు చేసిన పాపం అని చెప్తారు. రెండు చోట్లా నిన్ను ఈ గతికి తెచ్చిన సమాజం మీద మాత్రం వేలు చూపించరు. ఈ విమర్శకు మన చర్చిలు ఇంతవరకూ సరైన జవాబు చెప్పలేదని నా అభిప్రాయం.

అయితే అంబేద్కర్ ఎత్తిచూపింది చర్చి బోధనను. ఆ బోధన వినే మన అవ్వలు దాన్ని ఏం చేసుకున్నారన్నది వేరే సంగతి. అది చెప్పడానికే ఇదంతా.

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక ఎం.ఏ. విద్యార్థిని. ఏ ఊరో ఏ మండలమో చెప్పను. తూర్పు మండలాల పాప అనుకోండి. బీఈడీ చెయ్యాలని, తర్వాత డీఎస్సీ రాయాలని ఆశ. ఎస్సీ సర్టిఫికెట్ కావాలి. అర్జీ పెట్టింది. ఎంక్వైరీకి మనిషి ఇంటికొచ్చాడు. తలుపు మీద సిలువ స్టిక్కర్ ఉంటుంది కదా, అది ముందురోజు రాత్రే గీకేశారు. గోడ మీద వాక్యం క్యాలెండర్ తీసి బియ్యం డబ్బా వెనక పెట్టారు. అవ్వ బొట్టు పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. వచ్చినాయన అడిగాడు: "ఏమవ్వా, చర్చికి పోతారంటనే?"

"మాకా దేవుడు తెలీదు నాయినా," అనింది అవ్వ.

సర్టిఫికెట్ వచ్చింది. ఆ తర్వాత నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల. అవ్వ లేవలేదు. ఆ పై నెలా లేవలేదు. వెనక చాప మీద కూర్చుని, రొట్టె ద్రాక్షారసం ఇచ్చేటప్పుడు తల కిందికి వంచుకుంటుందట. రాత్రిళ్లు నిద్ర పట్టదట. ఆ పాప స్టాఫ్ రూముకొచ్చి, ఎవరూ లేనిది చూసి, నన్ను అడిగింది: "సార్, మా అవ్వ నరకానికి పోతుందా?"

నేను తెలుగు లెక్చరర్ని. ఛందస్సులో గణాలు అడిగితే చెప్తాను. నరకం సంగతి నా సిలబస్ కాదు. కానీ ఆ ప్రశ్న ఆమె పాస్టరును అడగలేకపోయింది. అడిగితే అవ్వ చేసింది సంఘంలో అందరికీ తెలుస్తుంది, ఆ నోటా ఈ నోటా పడి సర్టిఫికెట్‌కూ ఎసరొస్తుంది. పాపం ఒప్పుకుంటే క్షమాపణ ఉందని చర్చి చెప్తుంది. ఒప్పుకుంటే బీఈడీ సీటు పోతుందని చట్టం చెప్తుంది.

ఆ చట్టం ఏమిటో మన పిల్లలకు తెలియాలి కాబట్టి నాలుగు ముక్కలు. 1950 ఆగస్టు 10న వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందువు కానివాడు ఎస్సీ కాడని దాని అర్థం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులనూ ముస్లింలనూ బయటే ఉంచారు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి పోయినవాళ్లు బీసీ-సీ. ఎస్సీకి 15 శాతం రిజర్వేషన్, బీసీ-సీకి 1 శాతం. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన దీని మీద ఒక కమిషన్ వేసింది. 2024 నవంబర్ 26న, సరిగ్గా రాజ్యాంగ దినోత్సవం నాడు, పుదుచ్చేరి మహిళ సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, నమ్మకం ఒకటి పెట్టుకుని రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది. 2025 ఏప్రిల్‌లో మన హైకోర్టు, కులం పేరుతో దూషించారని ఒక పాస్టర్ పెట్టిన కేసు కొట్టేస్తూ, క్రైస్తవంలోకి పోయినవాళ్లకు అట్రాసిటీ చట్టం వర్తించదని చెప్పింది. తిట్టినవాడు కులం చూసే తిట్టాడు. తిట్టేముందు బాప్తిస్మం రిజిస్టరు చూడలేదు.

తిరుపతిలో దీనికి ఇంకో పొర ఉంది. ఈ ఊరంటే కొండ ఒక్కటే అని లోకం అనుకుంటుంది. కానీ 1860లలోనే జర్మనీ నుంచి హెర్మన్స్‌బర్గ్ మిషన్ వాళ్లు ఈ చుట్టుపక్కలకొచ్చారు. దక్షిణ ఆంధ్ర లూథరన్ చర్చికి ఇవాళ్టికీ తిరుపతే కేంద్రం. చిత్తూరు, మదనపల్లె వైపు అమెరికా వాళ్ల ఆర్కాటు మిషన్. మా జేజినాయన క్షయ పట్టి ఆరోగ్యవరం శానటోరియంలో బతికి బయటపడ్డాడని ఇంట్లో చెప్పేవాళ్లు. ఇన్నేళ్ల బంధం ఇది. అయినా ఈ ఊళ్లో ఉద్యోగం అనగానే మొదట గుర్తొచ్చే సంస్థలో మనవాళ్లు ఆదివారం ఎక్కడికి పోతారన్నది ఫైలెక్కే విషయం. 2025 ఫిబ్రవరిలో అన్యమత ఆచారాలు పాటిస్తున్నారని టీటీడీ 18 మంది ఉద్యోగుల మీద చర్య తీసుకుంది. దేవాలయ సంస్థ నియమం దానికి ఉంటుంది, దాన్ని ఇక్కడ వాదించడం లేదు. బైబిల్ సంచీలో అడుగున పెట్టి, పైన టిఫిన్ బాక్సు పెట్టుకుని పోయే జనం గురించి చెప్తున్నాను.

సరే, నరకం ప్రశ్న. ఆ పాపకు నేను పేతురు కథ చెప్పాను. కథ ఆమెకు తెలిసిందే, సండే స్కూల్లో కోడి బొమ్మ గీసి రంగులేసి ఉంటుంది. కానీ మనం ఆ కథను పేతురు పిరికివాడు అని చెప్పడానికి వాడతాం. తెలుగు చదువుకున్నవాళ్లు దాన్ని ఇంకో మాదిరి చదవాలి.

పేతురు జాలరి. గలిలయవాడు. రాజధాని నగరంలో, ప్రధాన యాజకుడి ఇంటి పెరట్లో, అధికారం ఉండే చోట నిలబడ్డాడు. చలికి మంట కాచుకుంటున్నాడు. వాణ్ణి పట్టించింది ఏది? మత్తయి చెప్తాడు: యాస. నువ్వు మాట్లాడేది వింటేనే తెలుస్తోంది, నువ్వూ వాళ్లలోవాడివే అన్నారు. ఇది చదివినప్పుడల్లా నాకు మా యూనివర్సిటీ హాస్టల్ గుర్తొస్తుంది. "ఏమిటికి", "యాడికి" అనగానే జిల్లా, ఇంకో రెండు మాటలకు వాడ. యాసను బట్టి పట్టుబడ్డ భయం మనకు పుస్తకంలో చదివి తెలుసుకోవలసింది కాదు. అక్కడ నిజం చెప్తే పేతురు తల పోయేది. మూడుసార్లు తెలీదన్నాడు. తర్వాత బయటికిపోయి వెక్కివెక్కి ఏడ్చాడు. అవ్వ ఎన్నిసార్లు తెలీదనిందో, అప్పుడు కోడి కూసిందో లేదో నేను అడగలేదు. ఏడవడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఇక యోహాను సువార్త 21వ అధ్యాయం. అంతా అయిపోయింది. యేసు తిరిగి లేచాడు. పేతురు మళ్లీ వలలు పట్టుకుని చేపలకు పోయాడు. నా మటుకు నాకు, ఇక నేను దేనికీ పనికిరానులే అనుకున్న మనిషి పాత పనికి పోవడమే అది. తెల్లవారుజామున గట్టు మీద యేసు బొగ్గుల నిప్పు వేసి చేపలు కాలుస్తూ ఉన్నాడు. గ్రీకులో బొగ్గుల మంటకు వాడిన ఆ మాట కొత్త నిబంధన మొత్తంలో రెండే చోట్ల వస్తుంది. ఒకటి పేతురు తెలీదన్న పెరట్లో. రెండోది ఇక్కడ. ఆ వాసన పేతురు ముక్కుకు తగిలినప్పుడు ఎట్లా ఉండి ఉంటుందో ఆలోచించండి.

యేసు ఏమన్నాడు? రండి, తినండి అన్నాడు. ఎందుకు తెలీదన్నావు అని అడగలేదు. సంఘం ముందు నిలబెట్టలేదు. ఇన్ని నెలలు బల్లకు దూరంగా ఉండమని శిక్ష వెయ్యలేదు. అందరూ కడుపునిండా తిన్నాక మాత్రమే మూడుసార్లు అడిగాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని. మూడోసారికి పేతురు మనసు నొచ్చుకుంది. నొచ్చుకోకుండా అది మానేది కాదు, అది నిజమే. కానీ ముందు అన్నం. మన ఇళ్లలో ఎంత తప్పు చేసొచ్చినవాణ్ణయినా అమ్మ ముందు అడిగేది "తిన్నావా" అనే. తిట్లు తర్వాత. తప్పకుండా ఉంటాయి, కానీ తర్వాత.

మన జనాన్ని "గంజి కోసం మతం మారినోళ్లు" అని ఎగతాళి చేస్తారు కదా. 1876 ధాత కరువు కాలంలో ఒంగోలులో క్లౌ దొర చేసింది ఆ ఎగతాళికి జవాబు. కరువు నడిచినన్నాళ్లూ బకింగ్‌హామ్ కాలువలో తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు, బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు. కూడు ఆశపెట్టి కలుపుకున్నారనే మాట రాకూడదని. అది గడిచాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. అయినా నాకనిపిస్తుంది, గంజి కోసమే పోయారనుకో, అందులో సిగ్గేముంది? గట్టు మీద చేపలు కాల్చిన దేవుడి దగ్గరికి ఆకలితో పోవడం తప్పెట్లా అవుతుంది?

ఇప్పుడు నా సబ్జెక్టులోకి వస్తాను. "పాపం" సంస్కృతం నుంచి వచ్చిన మాట. సంస్కృతంలో దానికి చెడు, దోషం, దుష్కర్మ అనే అర్థాలే. కానీ అది దక్షిణాదికి వచ్చాక మన అవ్వలు దాన్ని పట్టుకుని ఏం చేశారో చూడండి. "అయ్యో పాపం!" "పాపం, పిల్లోడు పొద్దున్నుంచి ఏమీ తినలేదు." దోషం అనే మాట జాలి అనే మాటగా తిరిగింది. మా చిత్తూరు మూడు భాషల కూడలి. పలమనేరు దాటితే కన్నడం, నగరి దాటితే తమిళం. తమిళంలో "పావం" అన్నా, కన్నడంలో "పాప" అన్నా అంతే, నేరమూ అదే, జాలీ అదే. పండితుల నిఘంటువులు తర్వాత ఎక్కించుకున్నాయి గానీ, ఈ పని చేసింది ఇంట్లో, పొలంలో మాట్లాడుకునే జనం. తప్పు చేసినవాణ్ణి చూసి, వాడు ఎట్లాంటి ఇరుకులో ఉండి ఆ పని చేశాడో తెలిసినవాళ్లు మాత్రమే ఒకే మాటతో రెండూ అనగలరు. పాస్టర్లు పులిపీఠం మీద మొదటి అర్థమే వాడతారు. కిందకు దిగి ఇంటికొచ్చి, ఎవరికో జ్వరమంటే వాళ్లూ "అయ్యో పాపం" అంటారు.

సువార్తల్లో యేసు జనాన్ని చూసి కనికరపడ్డాడు అని మన అనువాదంలో ఉంటుంది. దానికి గ్రీకులో వాడిన క్రియ పేగులు, లోపలి అవయవాలు అనే మాట నుంచి పుట్టింది. హీబ్రూలో కనికరానికి చెప్పే ఒక మాటకు, గర్భసంచికీ ఒకటే ధాతువు. "కనికరము" మంచి మాటే, కానీ కొంచెం గద్దె మీద కూర్చున్న మాట. మా అమ్మ అయితే "కడుపు తరుక్కుపాయ" అంటుంది. అదే సరైన అనువాదం. తప్పిపోయిన కొడుకు దూరంగా కనబడగానే ఆ తండ్రికి జరిగింది కడుపు తరుక్కుపోవడమే. అందుకే పెద్దమనిషి తనం మరిచిపోయి రోడ్డు మీద పరుగెత్తాడు.

ఇక్కడ ఆగితే ఈ వ్యాసం తియ్యగా ఉంటుంది. కానీ నాకు మా చిన్నాయన గుర్తొస్తాడు.

చిన్నాయన బెల్లం గానుగ దగ్గర పని. తాగేవాడు. మానాలని నిజంగానే అనుకునేవాడు. సంవత్సరానికి ఒకసారి, క్రిస్మస్ ముందు, మోకాళ్ల మీద పడి ఏడ్చేవాడు. సంక్రాంతికి మళ్లీ మొదలు. చెయ్యాలనుకున్న మంచి చెయ్యలేకపోతున్నాను, వద్దనుకున్నదే చేస్తున్నానని పౌలు రోమా పత్రికలో మొత్తుకుంటాడు కదా, ఆ అధ్యాయం చదివితే నాకు మా చిన్నాయన గొంతు వినిపిస్తుంది. ఆయన్ను దేవుడు అసహ్యించుకున్నాడని నేనెప్పుడూ నమ్మలేదు. కానీ తాగినరోజు చిన్నమ్మను కొట్టేవాడు. చిన్నమ్మ పోయి పెద్దలకు చెప్పుకుంటే, డెబ్బై ఏళ్ల మార్లు క్షమించాలమ్మా అన్నారు. చిన్నాయనకు దేవుడిచ్చిన కనికరానికి బిల్లు చిన్నమ్మ వీపు మీద వేశారు. దీన్ని నేను ఒప్పుకోను. హిట్లర్ కాలంలో జర్మనీలో బోన్‌హోఫర్ అనే లూథరన్ పాస్టరు 1937లో ఒక పుస్తకం రాస్తూ, పశ్చాత్తాపం అడగని క్షమాపణకు చౌక కృప అని పేరు పెట్టాడు. ఆ పేరు మా వాడలో ఎవరికీ తెలియదు గానీ, సరుకు మాత్రం దొరుకుతుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఇంకో దారి పట్టారు. మొగుణ్ణి పాపి అని శపించి ఊరుకోలేదు, భరించమనే మాటా వినలేదు. సారాయి అంగడి మీదికి పోయారు. వేలంపాటలు ఆపించారు. 1993లో ప్రభుత్వం సారాయి నిషేధించాల్సి వచ్చింది. తాగినవాడు పాపాత్ముడైతే, ఆ సారాయి వేలం వేసి ఖజానా నింపుకున్నది ఎవరు? ఈ ప్రశ్న వేసినందువల్ల చిన్నాయన కొట్టిన దెబ్బ మాసిపోదు. రెండూ పట్టుకోవాలి. దేవుడి ప్రేమ తప్పు చేసినవాణ్ణి వదిలిపెట్టదు అంటే, దెబ్బ తిన్నదాన్ని అసలే వదిలిపెట్టదు అని.

అవ్వ సంగతిలోనూ ఇంతే. ఆమె అబద్ధం చెప్పింది, అవును. ఆ అబద్ధం ఆమెకు బరువుగానే ఉంది, అది కూడా ఆమె విశ్వాసానికి గుర్తే. విశ్వాసం లేనిదానికి నిద్ర ఎందుకు పట్టదు? అబద్ధం ఏం కాదులే అని నేను తేలిగ్గా కొట్టెయ్యలేను, అది ఆమెను అవమానించడమవుతుంది. కానీ ఒక ముసలామె తన దేవుణ్ణో మనవరాలి చదువునో ఒకటే ఎంచుకోవాలి అని అరుగు ముందు నిలబడి అడిగిన వ్యవస్థ పాపం ఏ బల్ల దగ్గర ఒప్పుకుంటుంది? జాషువా 1941లో రాసిన "గబ్బిలం"లో గుడిలోకి పోలేని పేదవాడు గబ్బిలం చేత శివుడికి కబురు పంపుతాడు. నాకు ఆ కావ్యంలో నచ్చేది, అతను తన పాపాలు ఒప్పుకోవడానికి కబురు పంపడు. ఫిర్యాదు చెయ్యడానికి పంపుతాడు. రాసింది క్రైస్తవ ఇంట్లో పుట్టిన కవి. మన చర్చిల్లో ఒప్పుకోలు ప్రార్థన ఉంది. ఫిర్యాదు ప్రార్థన కూడా ఉండాలి. కీర్తనల గ్రంథం నిండా అవే, ఎవరూ కాదనలేరు.

నేను ఆ పాపకు చెప్పింది ఇంత పొడుగు కాదు. ఇంటికి పోయి యోహాను 21 అవ్వకు చదివి వినిపించు అన్నాను. బైబిల్ భాషలో కాదు, మన మాటల్లో చెప్పు అన్నాను. పదిరోజుల తర్వాత కారిడార్లో కనబడి నవ్వింది. చదివిందట. అవ్వ రెండుసార్లు చెప్పించుకుందట. తెలీదన్న సంగతి యేసు మళ్లీ ఎత్తలేదా అని గుచ్చిగుచ్చి అడిగిందట.

"లేదవ్వా, ముందు తినమన్నాడు."

"చేపలు తోమిందెవురు? ఆయనేనా?"

"అది రాయలేదవ్వా."

"ఆయనే అయ్యుంటాడులే. పొద్దున్నే ఇంకెవురుండారు ఆడ," అనిందట అవ్వ.

ఆ నెల మొదటి ఆదివారం అవ్వ లేచి ముందుకు పోయిందో లేదో ఆ పాప చెప్పలేదు. నేనూ అడగలేదు.